ఇరవై ఏళ్ళు ఒకే సీటు: ‘ది లావెండర్ హిల్ మాబ్’ చూశాక

(ఒక ఫిల్మ్ క్లబ్‌లో సినిమా ప్రదర్శన అయ్యాక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. లైట్లు వేశారు కదా, ముందు ఒక్క ప్రశ్న. ఆడ్రీ హెప్‌బర్న్ ఎంతమందికి కనిపించింది? చేతులెత్తండి. సగం మందే. మిగతా సగం మంది అప్పటికింకా సీట్లు వెతుక్కుంటున్నారు. (నవ్వులు)

మన పోస్టర్ మీద ఆవిడ పేరు పెద్దక్షరాల్లో వేశారు. తప్పేం లేదు, ఎక్కడైనా అలాగే వేస్తారు. కానీ 1951 జూన్‌లో ఈ సినిమా ఇంగ్లండులో విడుదలైన రోజున ఆ పేరు చూసి టికెట్టు కొన్నవాడు ఒక్కడూ ఉండడు. రియో డి జనీరోలో ఖరీదైన హోటలు. కథానాయకుడు అలెక్ గిన్నిస్ దర్జాగా కూర్చుని, పలకరించిన వాళ్ళందరికీ డబ్బు పంచిపెడుతున్నాడు. చికీటా అనే అమ్మాయి వస్తుంది. ఆమెకీ కొంత ఇస్తాడు. ఎంత మంచివారండీ అన్నట్టు ఒక్క ముక్క అని, వంగి ఆయనకో ముద్దు పెట్టి వెళ్ళిపోతుంది. అంతే. మళ్ళీ సినిమా మొత్తంలో కనపడదు.

ఇలాంటి పాత సినిమాలు చూసేటప్పుడు మనందరికీ ఒక అలవాటుంది. ఆ కాసేపట్లోనే కాబోయే తార కనిపించేసిందని, ఆ కళ్ళల్లో మెరుపు ఉందని అంటాం. నేను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. నాకైతే ఏ మెరుపూ కనపడలేదు. చక్కని అమ్మాయి, నడక బాగుంది. నాట్యం నేర్చుకున్న ఒళ్ళు అని తెలుస్తుంది. మెరుపు మాత్రం మనం ఆ తర్వాతి సినిమాలు చూసి వచ్చి ఇక్కడ తగిలించింది. 1951లో ఆ సీను చూసినవాడు గిన్నిస్‌ని చూసి ఉంటాడు, ఈయనెవరో బాగా డబ్బున్నవాడని అనుకుని ఉంటాడు. ఆ సీను పెట్టింది కూడా అందుకే.

అప్పటికి ఆవిడకి ఇరవై రెండేళ్ళు. 1929 మే 4న బ్రస్సెల్స్‌లో పుట్టింది. తల్లి డచ్చి ప్రభువుల కుటుంబం. యుద్ధకాలమంతా హాలండులో, ఆర్నెమ్ ప్రాంతంలో గడిచింది. 1944-45 చలికాలంలో అక్కడ కరువు వచ్చి జనం తులిప్ దుంపలు తిన్నారు. ఆ తిండిలేమిని ఈమె కూడా అనుభవించింది. మొదటి సినిమా 1948లో, హాలండులోనే. అందులో విమానంలో ఎయిర్ హోస్టెస్ వేషం. తర్వాత లండన్ వచ్చి మారీ రాంబెర్ దగ్గర బ్యాలే నేర్చుకుంది. ఎత్తు ఎక్కువ, ఒంట్లో బలం తక్కువ, ప్రధాన నర్తకి కావడం కష్టమని అక్కడ తేల్చేశారు. దాంతో నాటకాల్లో కోరస్ అమ్మాయిగా చేరింది. 1951లోనే మరో రెండు మూడు బ్రిటిష్ కామెడీల్లో చిన్న చిన్న వేషాలు వేసింది. ఒకదాంట్లో సిగరెట్లు అమ్మే పిల్ల. మన భాషలో చెప్పాలంటే జూనియర్ ఆర్టిస్టుకి ఒక మెట్టు పైన. రెండేళ్ళు తిరిగేసరికి ‘రోమన్ హాలిడే’, ఆ మరుసటేడు ఆస్కార్.

అన్నట్టు ఈ సినిమాలో ఇంకో కాబోయే తార కూడా ఉన్నాడు. చివర్లో పోలీసుల ఎగ్జిబిషన్‌లో ఒక కెమిస్టు కనిపిస్తాడే, అతను రాబర్ట్ షా. తర్వాత ‘జాస్’లో సొరచేపని వేటాడే కెప్టెన్. అతని పేరు టైటిల్స్‌లో కూడా లేదు. మన పోస్టర్ మీదా లేదు, పాపం.

సరే, హెప్‌బర్న్ సంగతి అక్కడికి ఉంచుదాం. నాకు ఈ సినిమా మీద ఇష్టం వేరే కారణానికి. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ దొంగతనాన్ని దర్శకుల కళ్ళతో చూడలేను, ఆడిట్ వాళ్ళ కళ్ళతోనే చూస్తాను.

గిన్నిస్ వేసిన గుమాస్తా పేరు హాలండ్. అతను చేసే పని ఏమిటి? బంగారం శుద్ధి చేసే కర్మాగారం నుంచి బ్యాంకు దాకా కడ్డీలు తెచ్చే వ్యానులో కూర్చుని రావడం. కడ్డీలు లెక్కపెట్టుకోవడం, తూకం చూసుకోవడం, సంతకం పెట్టడం. మేం రెమిటెన్స్ అనేవాళ్ళం. కరెన్సీ చెస్ట్, అంటే నోట్లు నిల్వ ఉంచే ఖజానా, అక్కడి నుంచి బ్రాంచికి డబ్బు తెచ్చేటప్పుడు ఒక ఆఫీసరు, ఒక క్యాషియరు, తుపాకీ పట్టుకున్న గార్డు. ఆ జీపులో కూర్చున్నవాడి మొహం నాకు తెలుసు. వెనకాల ఏ మోటారు సైకిలు రెండు మలుపులు తిరిగినా అనుమానమే. గిన్నిస్ సరిగ్గా అదే చేస్తాడు. వెనకొస్తున్న కారు నంబరు చూసి గాభరా పడతాడు, డ్రైవరుని ఆపమంటాడు, వ్యానులో ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ఈయనకి చాదస్తం అని వాళ్ళ అభిప్రాయం. పైఅధికారుల అభిప్రాయం ఇంకో రకం. నిజాయితీపరుడు, బొత్తిగా ఊహాశక్తి లేనివాడు, ఈ పనికి ఇలాంటివాడే కావాలి అని.

ఆ చాదస్తం అంతా నటన. ఇరవై ఏళ్ళ నటన! నా దృష్టిలో ఈ సినిమాకి ప్రాణం అక్కడుంది. మామూలు దొంగల సినిమాలో దొంగ బయటి నుంచి వస్తాడు. కాపలా ఎలా దాటాలి, తాళం ఎలా తీయాలి అన్నది కథ. ఇక్కడ కాపలాదారే దొంగ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతని లండన్ వాళ్ళు ఎనభై నిమిషాలు తీశారు.

మా బ్యాంకుల్లో దీనికి విరుగుడు ఉంది. ఒక మనిషిని ఒకే సీట్లో ఏళ్ళ తరబడి ఉంచకూడదు. సీట్లు మార్చాలి. స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలు, రెండూ వేరే వేరే చేతుల్లో. మంచివాడు కదా అని ఎవరికీ మినహాయింపు లేదు. పైగా ఎన్నడూ సెలవు పెట్టనివాడి మీదే ముందు కన్నేయమని చెప్పేవాళ్ళు. హాలండ్ ఇరవై ఏళ్ళు ఒకే సీట్లో ఉన్నాడంటే ఆ ఆడిట్ రిపోర్టు నేనైతే ఎర్రసిరాతో రాసేవాణ్ణి. (నవ్వులు) కథలో మలుపు కూడా అక్కడే తిరుగుతుంది, గమనించారా? పైఅధికారి పిలిచి, నిన్ను వేరే సెక్షనుకి మారుస్తున్నాం, జీతం పెరుగుతుంది అంటాడు. ఇంకెవడైనా అయితే స్వీట్లు పంచుతాడు. ఈయన మొహం పాలిపోతుంది. ఇంతకాలం రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్న పని ఇక వాయిదా వేయడానికి లేదు. ప్రమోషన్ ఇచ్చి మరీ అతన్ని దొంగని చేశారు.

ఈ కథ రాసిన టి.ఇ.బి. క్లార్క్ యుద్ధకాలంలో లండన్ పోలీసు విభాగంలో రిజర్వు కానిస్టేబుల్‌గా పనిచేశాడు. వేరే సినిమాకి కథ రాయమంటే, అది రాస్తూ రాస్తూ ఈ గుమాస్తా ఊహ వచ్చి ఇటు మళ్ళాడు. మీ బంగారాన్ని దొంగిలించాలంటే ఎలా అని వెళ్ళి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్ళనే అడిగాడట. వాళ్ళు తరిమెయ్యలేదు. ఇందుకోసం ఒక కమిటీ వేసి, ఇలా అయితే కుదురుతుందని చెప్పారని ఈ సినిమా గురించి రాసిన వాళ్ళంతా చెప్తారు. మా రోజుల్లో ఎవరైనా బ్రాంచికొచ్చి ఆ ప్రశ్న అడిగి ఉంటే ఆ సాయంత్రం స్టేషన్లో కూర్చునేవాడు. ఈ స్క్రిప్టుకి క్లార్క్‌కి ఆస్కార్ వచ్చింది. గిన్నిస్‌కి నామినేషన్ దక్కింది.

దొంగతనం సులువే, అసలు చిక్కు దొంగిలించాక. ఇది యుద్ధం తర్వాతి బ్రిటన్ అని మరిచిపోకూడదు. 1947లో తెచ్చిన ఎక్స్ఛేంజ్ కంట్రోల్ చట్టం ప్రకారం కడ్డీ బంగారం మామూలు మనిషి దగ్గర ఉండకూడదు, ప్రభుత్వానికి అమ్మేయాలి. దేశం దాటించాలి, దాటించే దారి లేదు. ఇరవై ఏళ్ళు హాలండ్ ఆగింది నీతికి కాదు, ఈ ఒక్క చిక్కుకి. లండన్‌లోని లావెండర్ హిల్‌లో ఆయన ఉండే లాడ్జింగ్ హౌస్‌కి పెండిల్‌బరీ వచ్చి దిగుతాడు. సీసంతో ఈఫిల్ టవర్ బొమ్మలు పోతపోసి పారిస్‌కి పంపుతుంటాడు. కాగితాలు ఎగరకుండా పెట్టుకునే బరువులు అవి.

ఇద్దరూ కొలిమి దగ్గర నిలబడి మాట్లాడుకునే ఘట్టం నాకు ప్రాణం. దొంగతనం అన్న మాటే రాదు. హాలండ్ ఊరికే, మాటవరసకి అన్నట్టు మొదలుపెడతాడు. పెండిల్‌బరీ కూడా మాటవరసకే సమాధానం చెప్తాడు. కరిగిన లోహం మూసలోకి దిగుతూ ఉంటుంది. కెమెరా ఆ మూసనీ, ఆయన మొహాన్నీ చూపిస్తుంది. పెద్దమనుషుల పెళ్ళిచూపుల్లో కట్నం మాటలా, అసలు విషయం చుట్టూ తిరుగుతారు తప్ప దాన్ని ముట్టుకోరు. మనం నిజాయితీపరులం కాబట్టి సరిపోయింది గానీ, అంటాడు పెండిల్‌బరీ. అవునవును, అంటాడు ఈయన. ఒప్పందం అయిపోయింది. కొట్టేసిన బంగారాన్ని ఆ టవర్ బొమ్మలుగా పోతపోసి పారిస్‌కి పంపేయడం, అదీ పథకం. పెండిల్‌బరీ వేషం వేసిన స్టాన్లీ హాలోవే ఆ ఒక్క వాక్యం అనే తీరు చూడటానికే మళ్ళీ టికెట్టు కొనొచ్చు.

ఇక్కడ నా లెక్కల పిచ్చి కాస్త భరించాలి. అప్పుడు బంగారం అధికారిక ధర ఔన్సు 35 డాలర్లు. 1949లో పౌండు విలువ తగ్గించాక ఒక పౌండుకి 2.80 డాలర్లు. అంటే ఔన్సు పన్నెండున్నర పౌండ్లు. సినిమాలో కొట్టేసింది పది లక్షల పౌండ్ల సరుకు. లెక్క వేస్తే 80,000 ఔన్సులు, దాదాపు రెండున్నర టన్నులు. వ్యాను తెచ్చినందుకు తప్పు పట్టలేం. చివర్లో హాలండ్ ఆరు టవర్లకి 25,000 పౌండ్లు వచ్చాయంటాడు. అదే ధర చొప్పున ఒక్కో బొమ్మ పది కిలోల పైమాటే. మన లెక్కలో వెయ్యి తులాలు! పారిస్‌లో పొరపాటున అమ్ముడుపోయిన అలాంటి బొమ్మలు తలా ఒకటి పట్టుకుని ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ స్కూలు పిల్లలు ఈఫిల్ టవర్ దగ్గర గెంతుతూ పోతున్నారు. బ్లాక్ మార్కెట్లో ధర ఎక్కువ పలికిందనుకున్నా బరువు తగ్గుతుంది గానీ గెంతే బరువు కాదు. ఒక్క పిల్ల చెయ్యి కూడా కిందికి లాగదు. హాల్లో మాత్రం ఎవరికీ ఈ అనుమానం రాలేదు, నేను చూస్తూనే ఉన్నాను.

ఎందుకు రాలేదంటే ఆ టవర్ మెట్లు మనల్ని ఆలోచించనివ్వవు. ఆ పిల్లలు లిఫ్టులో దిగిపోతారు, బొమ్మలు వెనక్కి తెచ్చుకోవాలని వెంటపడ్డ హాలండ్, పెండిల్‌బరీలకి లిఫ్టు దొరకదు. మెట్ల మీంచి పరుగు. గుండ్రంగా, గుండ్రంగా, కింద పారిస్ అంతా గిరగిరా తిరుగుతూ ఉంటుంది. మొదట భయం, కాసేపటికి తల తిరుగుడు. ఆ తర్వాత ఇద్దరికీ నవ్వు మొదలవుతుంది. ఆపుకోలేని నవ్వు. టోపీలు ఎగిరిపోతున్నా, కోటు జారిపోతున్నా ఆగలేరు. సర్వం పోతున్న క్షణంలో నడివయసు మగవాళ్ళిద్దరు చిన్నపిల్లల్లా నవ్వుతున్నారు. ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్. ఆయనే దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇండియానా జోన్స్ సినిమాలు తీశాడు. దర్శకుడు చార్లెస్ క్రిక్టన్ ఎడిటింగ్ గదిలోంచి పైకొచ్చినవాడు. ఆ మెట్ల మీద ఎక్కడ కత్తిరించాలో ఆయనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదనిపిస్తుంది.

ఆ వెంటనే ఫ్రాన్సు తీరంలోని కలే రేవు. పిల్లలు ఎక్కిన ఓడ కళ్ళ ముందే ఉంది. పరిగెత్తి ఎక్కేయొచ్చు. కానీ ముందు టికెట్టు కొనాలి. టికెట్టు ఉంటే పాస్‌పోర్టు చూపించాలి. పాస్‌పోర్టు అయితే దేశం దాటించే డబ్బెంతో చెప్పాలి. చెప్పాక కస్టమ్స్ వాడు పెట్టె తెరవమంటాడు. ప్రతి కౌంటరు దగ్గరా ఒక ఉద్యోగి తన పని తాను పద్ధతిగా, తొందర లేకుండా, ఒక్క గీత కూడా తప్పకుండా చేస్తుంటాడు. ఓడ వెళ్ళిపోతుంది.

ఈ సీనుకి హాల్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కౌంటరు ఇవతల నిలబడ్డ మనిషి ఎవరు? ఇరవై ఏళ్ళు కౌంటరు అవతల కూర్చుని, సంతకం లేందే కడ్డీ కదలనివ్వని మనిషి. అతన్ని పోలీసులు ఓడించలేదు, తనలాంటి గుమాస్తాలే ఓడించారు. 1951లో లండన్ హాల్లో కూర్చున్నవాళ్ళకి ఇది ఇంకా గట్టిగా తగిలి ఉంటుంది. యుద్ధం గెలిచి ఆరేళ్ళయినా మాంసం, పంచదార, టీ ఆకు ఇంకా రేషను మీదే. రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954 జూలైలో. విదేశం వెళ్తే ఎంత డబ్బు పట్టుకెళ్ళాలో కూడా ప్రభుత్వమే చెప్పేది. ప్రతిదానికీ ఒక క్యూ, ఒక ఫారం, ఒక ముద్ర. వ్యానుని దోచుకునే వీధుల్లో బాంబులు పడి ఖాళీ అయిన జాగాలు అలాగే కనిపిస్తుంటాయి, ప్రత్యేకంగా ఎవరూ వేలెత్తి చూపించరు. అలాంటి ఊళ్ళో, అలాంటి క్యూల్లో అలిసిపోయినవాళ్ళు ఈ దొంగ పక్షానే ఉన్నారు. రేషన్ షాపు వరసలో నిలబడ్డ మన పెద్దవాళ్ళు ఉంటే మనకంటే ఇంకా బాగా నవ్వేవాళ్ళు.

ఈ సినిమా తీసిన ఈలింగ్ స్టూడియో వాళ్ళ కామెడీలన్నిటికీ ఈ ధోరణి ఉంది. మైకెల్ బాల్కన్ అధిపతి. 1949 ఒక్క ఏడాదిలో మూడు మంచి కామెడీలు తీశారు. వాటిలో ఒకదాంట్లో గిన్నిస్ ఒకే కుటుంబానికి చెందిన ఎనిమిది మందిగా వేశాడు. స్టూడియో స్థలాన్ని 1955లో బీబీసీకి అమ్మేశారు. ఆ కథ ఇంకోసారి.

చివరి పోలీసు కార్ల ఛేజ్ నాకు అంతగా నచ్చదు, చెప్పేస్తున్నాను. పోలీసు రేడియోలో పాట రావడం, కార్లన్నీ ఒకదాన్నొకటి గుద్దుకోవడం సరదాగానే ఉంటుంది. కానీ అది ఏ కామెడీలోనైనా పెట్టుకోవచ్చు. కలే రేవు సీను ఈ సినిమాలో తప్ప ఇంకెక్కడా ఇమడదు.

మొదటి సీనులోని హోటలుకి చివర్లో తిరిగొస్తాం. హాలండ్ కథ ముగించి లేస్తాడు, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషీ లేస్తాడు, ఇద్దరి చేతులకీ కలిపి బేడీలు. నేరం చేసినవాడు శిక్ష తప్పించుకున్నట్టు చూపించడం అప్పటి సెన్సార్లకి గిట్టదు. ఆ నియమాన్ని ఎలాగూ పాటించాలి కాబట్టి దాన్ని ఆఖరి నవ్వు కింద వాడుకున్నారు. ఇప్పుడు చికీటాని ఒక్కసారి తలుచుకోండి. ఆమెకి డబ్బు ఇచ్చేటప్పటికి కూడా ఈయన బేడీల్లోనే ఉన్నాడు. ఒక చెయ్యి మనకి కనపడనివ్వలేదు, అంతే. మనందరం ఆ అమ్మాయిని చూస్తున్నాం, ఆ చేతిని ఎవరు చూస్తారు? ఆమెని అక్కడ నిలబెట్టడంలో ఇది కూడా ఉందని నా అనుమానం. 1995లో వాటికన్ వాళ్ళు మంచి సినిమాలని 45 ఎంపిక చేస్తే అందులో ఈ దొంగల సినిమా ఉంది. ఆ బేడీలు చూసే ఇచ్చారేమో! (నవ్వులు)

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి: గిన్నిస్ మన దేశానికి వచ్చాడా సార్?)

వచ్చాడమ్మా. 1984లో వచ్చిన ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’లో ప్రొఫెసర్ గాడ్‌బోలే ఆయనే. డేవిడ్ లీన్ తీశాడు, షూటింగు చాలావరకు బెంగళూరు చుట్టుపక్కల జరిగింది. ఆ వేషం గురించి నన్ను అడక్కండి. ఎనిమిది వేషాలు వేసి మెప్పించినవాడు తొమ్మిదోదానికి నుదుట నామం పెట్టుకుని తప్పు చేశాడని నా అభిప్రాయం.

(సభలోంచి: ఈ సినిమా వల్లే హెప్‌బర్న్‌కి ‘రోమన్ హాలిడే’ వచ్చిందా?)

దీనివల్ల కాదు. అయితే ఈలింగ్ వాళ్ళకి ఆ కథలో ఒక పాత్ర ఉంది. ఈ స్టూడియో వాళ్ళే ఆ తర్వాత ‘సీక్రెట్ పీపుల్’ అనే సినిమాలో ఆమెకి కాస్త చెప్పుకోదగ్గ వేషం ఇచ్చారు, నర్తకిగా. దాని దర్శకుడు థొరాల్డ్ డికిన్సన్. అమెరికాలో విలియం వైలర్ రాకుమార్తె వేషానికి అమ్మాయి కోసం చూస్తూ, లండన్‌లో ఈమెకి స్క్రీన్ టెస్టు చేయించాడు. 1951 సెప్టెంబరులో, పైన్‌వుడ్ స్టూడియోలో. ఆ టెస్టు తీసింది డికిన్సనే. సీను అయ్యాక కట్ చెప్పినా కెమెరా ఆపకుండా తిప్పుతూ ఉండమని వైలర్ ముందే చెప్పి ఉంచాడు. అయిపోయిందనుకుని ఈమె మామూలుగా నవ్వుతూ మాట్లాడింది, యుద్ధం రోజుల సంగతులు కూడా చెప్పింది. వేషం తెచ్చిపెట్టింది ఆ మాటలే. ఆ రీలు ముక్క ఇప్పటికీ ఉంది, దొరికితే చూడండి. మెరుపు వెతకాలంటే అందులో వెతకండి, రియో హోటల్లో కాదు.

టీ బయట పెట్టారట. మిగతావి అక్కడ మాట్లాడుకుందాం.